రాజ్యాంగ సవరణకు 362 ఓట్లు కావాల్సిందేనా? మరి 371డీని ఎలా మార్చారు?

గట్టుమీది_కాకి (ప్రశ్న)

2024 డిసెంబరు 17న జమిలి ఎన్నికల బిల్లు లోక్‌సభ ముందుకు వచ్చినప్పుడు అనుకూలంగా 269, వ్యతిరేకంగా 198 ఓట్లు పడ్డాయి. రాజ్యాంగ సవరణ బిల్లు కాబట్టి మూడింట రెండొంతులు రాలేదు, వీగిపోయినట్టే అని కొందరు, 543కి 362 కావాలి కదా అని ఇంకొందరు. బిల్లేమో దర్జాగా జాయింట్ కమిటీకి వెళ్లింది. అసలు లెక్క ఎలా కట్టాలి?

ఇంకో మూడు సందేహాలు. రాష్ట్రాల ఆమోదం ఎప్పుడు తప్పనిసరి? 2014లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ విభజన బిల్లును తిప్పికొట్టింది, అయినా విభజన జరిగింది, ఉద్యోగాల్లో స్థానికుల కోటాకు ఆధారమైన 371డీ అధికరణలో అక్షరాలు కూడా మారాయి. దానికి మూడింట రెండొంతుల మెజారిటీ ఎవరూ లెక్కపెట్టలేదే! చివరిది: అమెరికా రాజ్యాంగానికి 27 సవరణలే, మనకు 2023 నాటికి 106. కాలానికి తగ్గట్టు మారడమంటే ఇదేనా, లేక మన రాజ్యాంగం మరీ మెత్తగా ఉందా?

---

కూడికలు_తీసివేతలు

362 అనే అంకె రాజ్యాంగంలో ఎక్కడా లేదండీ. సవరణ ఎలా చేయాలో చెప్పే 368వ అధికరణ పెట్టే షరతులు రెండు, రెండూ ఒకే ఓటింగులో నెరవేరాలి. సభ మొత్తం సభ్యత్వంలో సగానికి మించి రావాలి. ఆ రోజు హాజరై ఓటేసినవాళ్లలో మూడింట రెండొంతులకు తగ్గకూడదు. మొత్తం సభ్యత్వం అంటే ఖాళీ సీట్లు కూడా కలిపే. ఇప్పుడు లోక్‌సభకు 543, రాజ్యసభకు 245. కాబట్టి 272, 123 అనే గీతలు హాజరును బట్టి కదలవు. కదిలేది రెండో షరతు ఒక్కటే. "ఓటేసినవాళ్లు" అంటే అవును, కాదు అన్నవాళ్లే. తటస్థంగా ఉన్నామని నమోదు చేసుకున్నవాళ్లు సభలో కూర్చున్నా ఈ లెక్కలోకి రారు.

543 మందీ ఓటేస్తే 362. 500 మంది వేస్తే 334. 450 అయితే 300. సరిగ్గా 408 దగ్గర రెండు షరతులూ కలుస్తాయి, 408లో మూడింట రెండొంతులు 272. అంతకన్నా తక్కువమంది ఓటేసిన రోజు రెండొంతులు దాటినా చాలదు, 272 దాకా రావాల్సిందే. రాజ్యసభలో ఆ కలిసే చోటు 184.

ఇది కాగితం మీది లెక్క కాదు. ఆర్థికంగా వెనకబడినవారికి 10 శాతం రిజర్వేషన్ ఇచ్చిన 103వ సవరణ తీసుకోండి. 2019 జనవరిలో లోక్‌సభలో 323 అవును, 3 కాదు. ఓటేసినవాళ్లు 326, అందులో రెండొంతులు 218. ఆ రోజు బిల్లుకు 250 ఓట్లే వచ్చి ఉంటే? రెండొంతులు దాటినా ఓడిపోయేది, అప్పట్లో ఇద్దరు నామినేటెడ్ ఆంగ్లో ఇండియన్ సభ్యులతో కలిపి సభ్యత్వం 545, గీత 273, దానికి 23 తక్కువ కాబట్టి. రాజ్యసభలో 165, 7. అక్కడా అంతే, రెండొంతులు 115 అయినా దాటాల్సిన గీత 123.

వాకౌట్ సంగతి. వ్యతిరేకించేవాళ్లు ముగ్గురు బయటికి నడిస్తే అవతలివాళ్లకు కావాల్సిన ఓట్లు రెండు తగ్గుతాయి. సవరణ బిల్లును ఓడించాలనుకునే పార్టీ వాకౌట్ చేస్తే పోరాటంలా కనిపిస్తుంది, లెక్కలో మాత్రం ప్రభుత్వానికి సాయం. సంఖ్య 408 కిందికి పడిపోయాక మాత్రం ఆ సాయం ఆగిపోతుంది.

ఒక్క ఓటు కూడా కాదు, ఓటులో ముక్క తేడాతో పడిపోయిన బిల్లు ఒకటుంది. 1970 సెప్టెంబరులో మాజీ సంస్థానాధీశుల రాజభరణాలు రద్దు చేసే సవరణ బిల్లు లోక్‌సభ దాటి రాజ్యసభకు వచ్చింది. 149 అవును, 75 కాదు. మొత్తం 224, అందులో మూడింట రెండొంతులు 149.33. మనిషి ముక్కలుగా ఓటేయడు కాబట్టి 150 కావాలి. పోయింది. ప్రభుత్వం రాష్ట్రపతి ఉత్తర్వుతో రాజుల గుర్తింపు తీసేసి చూసింది, ఆ డిసెంబరులోనే సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. చివరికి 1971 ఎన్నికల తర్వాత 26వ సవరణతో పని పూర్తయింది. లెక్కలో ఎప్పుడూ పైకే సవరించాలి, 149.33 అంటే 149 కాదు.

ఇక 269 సంగతి. బిల్లు ప్రవేశపెట్టడానికి మామూలు మెజారిటీ చాలు. ప్రత్యేక మెజారిటీ కావాల్సింది తర్వాతి మెట్లలో: బిల్లును పరిశీలనకు తీసుకుందామన్న తీర్మానం, ఒక్కో క్లాజు, చివరగా బిల్లు ఆమోదం. క్లాజుకు సభ్యులు ప్రతిపాదించే మార్పులు మామూలు మెజారిటీతో నెగ్గుతాయి, మార్పు చేరిన క్లాజుకు మాత్రం మళ్లీ ప్రత్యేక మెజారిటీ. ఈ మెట్లలో మూజువాణి ఓటు కుదరదు, ఓట్లు లెక్కపెట్టే డివిజన్ తప్పదు. ఆ రోజు ఓటేసిన 467 మందితోనే ఆమోదం ఓటింగు జరిగి ఉంటే 312 కావాల్సి వచ్చేది.

క్లాజు క్లాజుకూ ఓటు అనేది తంతు అనుకోవద్దు. 1978లో జనతా ప్రభుత్వం తెచ్చిన 45వ సవరణ బిల్లు, తర్వాత 44వ సవరణ చట్టం అయినది, రాజ్యసభలో మొత్తంగా ఓడలేదు. కొన్ని క్లాజులు మాత్రం ఓడాయి. కొన్ని ముఖ్యమైన మార్పులకు జనవాక్య సేకరణ పెట్టాలన్న క్లాజు అలా పోయిందే. అది నెగ్గి ఉంటే ఈ చర్చ వేరేలా ఉండేది.

---

చిన్నక్షరాలు

పైన చెప్పిన లెక్కకు తోడు కాగితం నడిచే దారి చూద్దాం. పొరపాట్లు ఎక్కువ జరిగేది అక్కడ.

సవరణ బిల్లును ఏ సభలోనైనా పెట్టొచ్చు. రాష్ట్రపతి ముందస్తు సిఫారసు అక్కర్లేదు. రెండు సభలూ విడివిడిగా, ఒకే పాఠాన్ని ఆమోదించాలి. సభలు విభేదిస్తే ఉమ్మడి సమావేశం పెట్టే వీలు ఇక్కడ లేదు, మామూలు బిల్లులకే ఆ సదుపాయం. రాష్ట్రపతి తిప్పి పంపడానికీ లేదు. 1971లో వచ్చిన 24వ సవరణ నుంచి ఆమోదముద్ర వేయాల్సిందే అని 368లో రాసి ఉంది.

రాష్ట్రాల ఆమోదం ఎప్పుడు? రాష్ట్రపతి ఎన్నిక విధానం, కేంద్ర రాష్ట్ర కార్యనిర్వాహక అధికారాల పరిధి, సుప్రీంకోర్టు, హైకోర్టులు, కేంద్ర రాష్ట్రాల మధ్య శాసనాధికారాల పంపకం, ఏడో షెడ్యూల్‌లోని జాబితాలు, పార్లమెంటులో రాష్ట్రాల ప్రాతినిధ్యం, జీఎస్టీ కౌన్సిల్, ఇంకా 368 తానే. వీటిలో దేన్ని ముట్టుకున్నా కనీసం సగం రాష్ట్రాల శాసనసభలు తీర్మానం చేయాలి. ఇప్పుడున్న 28 రాష్ట్రాల్లో 14. తీర్మానానికి మామూలు మెజారిటీ చాలు, గడువేమీ రాయలేదు. రాష్ట్రం అవుననో కాదనో అనాలి, మధ్యలో ఒక మాట మార్చి పంపడానికి లేదు. ఇదంతా రాష్ట్రపతి సంతకానికి ముందే జరగాలి.

చిక్కు ఎక్కడొస్తుందంటే, జాబితా పాఠంలో అక్షరం మార్చకపోయినా దాని బలం తగ్గించే సవరణల దగ్గర. 97వ సవరణ అలాగే దెబ్బతింది. 2012 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చి సహకార సంఘాలకు ఏకంగా ఒక కొత్త భాగాన్ని చేర్చింది: డైరెక్టర్లు 21 మందికి మించకూడదు, పాలకవర్గం పదవీకాలం ఐదేళ్లు, ఇలాంటివి. సహకార సంఘాలు రాష్ట్ర జాబితాలో 32వ అంశం. ఆ అంశాన్ని అలాగే ఉంచి, దాని కింద రాష్ట్రం చేసే చట్టానికి కంచె వేశారు. రాష్ట్రాలను అడగలేదు. గుజరాత్ హైకోర్టు 2013లో కొట్టేసింది, సుప్రీంకోర్టు 2021 జులై 20న దాన్ని సమర్థించింది. బహుళ రాష్ట్ర సహకార సంఘాల వరకు మిగిల్చారు, ఒక న్యాయమూర్తి అదీ వద్దన్నారు. పార్లమెంటులో ఓట్లకు కొరత లేదు, తీర్మానాలు తెచ్చుకోలేదు, అంతే. పంచాయతీలు, మునిసిపాలిటీల 73, 74 సవరణలకు రాష్ట్రాల ఆమోదం తీసుకున్నారు కాబట్టి వాటికి ఈ బెడద రాలేదు.

జమిలి బిల్లు విషయంలోనూ తగువు ఇక్కడే. లోక్‌సభ, అసెంబ్లీల ఎన్నికలు కలపడానికి రాష్ట్రాల ఆమోదం అక్కర్లేదని, స్థానిక సంస్థల ఎన్నికలు జోడించడానికి, ఒకే ఓటరు జాబితాకు మాత్రం కావాలని జమిలి ఎన్నికలను పరిశీలించిన కోవింద్ కమిటీ 2024 మార్చిలో ఇచ్చిన నివేదిక చెప్పింది. నాకు ఆ మొదటి మాట అంత ధీమాగా అనిపించదు. సహకార కేసులో కోర్టు చూసింది ఏ అధికరణ నంబరు మారిందని కాదు, ఎవరి అధికారం తగ్గిందని.

రాష్ట్రపతి సంతకం పడితే అయిపోయిందనుకునేవాళ్లకు ఇంకో మెట్టుంది: అమలు తేదీ. 44వ సవరణ 3వ సెక్షన్, ముందస్తు నిర్బంధం గడువును మూడు నెలల నుంచి రెండుకు తగ్గించేది, నోటిఫికేషన్ రాక ఇప్పటికీ కాగితం మీదే ఉంది. సేవా పన్ను కోసం 2003లో 88వ సవరణ చేర్చిన 268ఏ ఒక్కరోజు కూడా అమలు కాలేదు, 2016లో జీఎస్టీ సవరణ వచ్చి దాన్ని తీసేసింది. పుట్టకముందే పోయిన అధికరణ అది. 106వ సవరణలో మహిళలకు మూడో వంతు సీట్లు కూడా, అది అమల్లోకి వచ్చాక జరిగే మొదటి జనాభా లెక్కలు, వాటి ఆధారంగా నియోజకవర్గాల పునర్విభజన అయిన తర్వాతే అని ఆ పాఠంలోనే రాసుకున్నారు.

ఇంకో సంగతి, బిల్లు నంబరు, చట్టం నంబరు వేరు. జీఎస్టీ 122వ బిల్లు, 101వ సవరణ. మహిళా రిజర్వేషన్లు 128వ బిల్లు, 106వ సవరణ. ఇవి కలిపేసి రాస్తే పరీక్షలో మార్కు, కోర్టులో పరువు రెండూ పోతాయి.

---

నల్లకోటు_జేబు

కాకి గారూ, మీ మూడో ప్రశ్నకు వస్తాను. 371డీ మారింది 368 గుమ్మంలోంచి కాదు, పక్క తలుపులోంచి.

రాష్ట్రాలను విడగొట్టడం, కలపడం, పేర్లు, హద్దులు మార్చడం 3వ అధికరణ కింద పార్లమెంటు చేసే మామూలు చట్టం. బిల్లుకు రాష్ట్రపతి సిఫారసు ఉండాలి, సంబంధిత శాసనసభ అభిప్రాయం కోసం గడువు పెట్టి పంపాలి. గడువనే మాట 1955లో 5వ సవరణతో వచ్చింది, అంతకుముందు రాష్ట్రం నానబెట్టగలిగేది. అభిప్రాయం అడగడం తప్పనిసరి, పాటించడం కాదు. 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణలో బొంబాయి గురించి వచ్చిన బాబూలాల్ పరాతే కేసులో, 1959లోనే, సుప్రీంకోర్టు ఇది తేల్చింది. అందుకే 2014 జనవరి 30న అసెంబ్లీ మూజువాణి ఓటుతో బిల్లును తిరస్కరించినా, ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించగలిగాయి. అదీ మూజువాణి ఓటుతోనే. మార్చి 1న సంతకం, జూన్ 2న తెలంగాణ.

ఇప్పుడు 4వ అధికరణ. అలాంటి చట్టం మొదటి, నాలుగో షెడ్యూళ్లను మార్చవచ్చు, వాటికి అనుబంధంగా, ఆనుషంగికంగా, పర్యవసానంగా అవసరమైన నిబంధనలు పెట్టవచ్చు, అదంతా 368 కింద సవరణ అనిపించుకోదు అని అందులో ఉంది. పునర్విభజన చట్టం 97వ సెక్షన్ ఆ మూడు మాటల చేయి పట్టుకునే 371డీలోకి దూరింది. "ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం" ఉన్నచోట "ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం లేదా తెలంగాణ రాష్ట్రం" అని చేర్చి, మొదటి క్లాజును తిరగరాసింది. 1973లో 32వ సవరణతో, ప్రత్యేక మెజారిటీతో వచ్చిన అధికరణ ఇది. ముల్కీ నిబంధనల గొడవ, జై ఆంధ్ర ఉద్యమం, ఆరు సూత్రాల పథకం, ఇంత చరిత్ర మోస్తున్నది. దాన్ని మామూలు మెజారిటీతో మార్చడం ఆనుషంగికమేనా అని వాదించినవాళ్లున్నారు. నా లెక్కలో మాత్రం ఇది నిలబడే మార్పే. రాష్ట్రం రెండయ్యాక పాత వాక్యం ఒక రాష్ట్రాన్నే పట్టుకుంటే రెండోదానిలో స్థానికులకు పునాదే ఉండదు, అది విభజన పర్యవసానమే. అదే తలుపులోంచి 371డీని పూర్తిగా ఎత్తేసి ఉంటే ఇదే మాట అనేవాణ్ణి కాదు.

ఆ తలుపు వెడల్పుకు హద్దుందనడానికి అదే చట్టంలోని 26వ సెక్షన్ చూడండి. అసెంబ్లీ సీట్లు ఆంధ్రప్రదేశ్‌లో 175 నుంచి 225కు, తెలంగాణలో 119 నుంచి 153కు పెంచుతారని రాసి, ముందు "170వ అధికరణకు లోబడి" అన్న మాట తగిలించారు. 170లో ఏముంది? 2026 తర్వాత జరిగే మొదటి జనాభా లెక్కలు వచ్చేదాకా సీట్ల సంఖ్య కదపకూడదని. 1976లో 42వ సవరణ పెట్టిన తాళాన్ని 84వ సవరణ పొడిగించింది. ఆ రెండు మాటలు చట్టంలో ఉన్నా లేకపోయినా మామూలు చట్టం రాజ్యాంగం వేసిన తాళాన్ని తీయలేదు. జమ్మూకశ్మీర్‌లో పెంచారు కదా, మాకెందుకు పెంచరు అన్న పిటిషన్‌ను 2025 జులైలో సుప్రీంకోర్టు కొట్టేసింది. కేంద్రపాలిత ప్రాంతానికి 170 వర్తించదు, రాష్ట్రానికి వర్తిస్తుంది. తేడా అంతే. పదేళ్లుగా రెండు రాష్ట్రాల్లోనూ కొత్త సీట్ల ఆశ మీద నడిచిన రాజకీయమంతా ఆ "లోబడి" అన్న మాట చదవకుండా నడిచింది.

ఇలాంటి పక్క తలుపు ఇంకోటి శాసనమండలి, 169వ అధికరణ. అసెంబ్లీ ప్రత్యేక మెజారిటీతో తీర్మానం చేస్తే పార్లమెంటు మామూలు చట్టంతో మండలిని పెట్టొచ్చు, తీసేయొచ్చు. చేయాలని మాత్రం లేదు. మనకు 1958లో వచ్చింది, 1985లో పోయింది, 2007లో మళ్లీ వచ్చింది. 2020 జనవరి 27న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 133 మంది ఓటేసి రద్దు తీర్మానం పంపారు. ఢిల్లీలో అది కదల్లేదు. 2021 నవంబరు 23న అదే అసెంబ్లీ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది.

దేశం లోపల హద్దులు జరపడానికి 3వ అధికరణ చాలుతుంది. అంగుళం నేల వేరే దేశానికి ఇవ్వాలంటే చాలదు, 368 కావాలి. 2015లో బంగ్లాదేశ్‌తో సరిహద్దు మార్పిడికి 100వ సవరణ అందుకే.

---

వరండా_బెంచీ

106 అంటే ఎక్కువ అనిపిస్తుంది గానీ ఆ అంకెలో ఏముందో విప్పి చూడాలి. చట్టసభల్లో ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్ గడువు 334వ అధికరణలో ఉంటుంది. పదేళ్లకోసారి ఆ ఒక్క అంకె మార్చడానికి 8, 23, 45, 62, 79, 95, 104 అని ఏడు సవరణలు ఖర్చయ్యాయి. 96వ సవరణ చేసిందల్లా "ఒరియా"ను "ఒడియా" చేయడం. మన రాజ్యాంగంలో జోన్ల ఉద్యోగాల నుంచి శాసనమండలి కూర్పు దాకా అన్నీ రాసుకున్నాం, అమెరికావాళ్లు అవి మామూలు చట్టాలకూ రాష్ట్రాలకూ వదిలేశారు. రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టడం, బియ్యాన్నీ బట్టల్నీ ఒకే కాటాలో తూచడం లాంటిది.

దాని కన్నా పెద్ద మాట: అక్షరం మారకుండా అర్థం మారడం. తెలుగువాళ్లకు దీని కన్నా దగ్గరి ఉదాహరణ ఉండదు, ఎస్సీ వర్గీకరణ. 341వ అధికరణ చిన్నది. ఏ కులాలు షెడ్యూల్డు కులాలో రాష్ట్రపతి నోటిఫై చేస్తారు, ఆ జాబితాలో చేర్చడం, తీసేయడం పార్లమెంటు మాత్రమే చేయాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2000లో చట్టం చేసి 15 శాతాన్ని ఏ, బీ, సీ, డీలుగా 1, 7, 6, 1 చొప్పున పంచింది. 2004లో చిన్నయ్య కేసులో ఐదుగురు న్యాయమూర్తులు, జాబితా ఒకే వర్గం, దాన్ని రాష్ట్రం చీల్చడమంటే జాబితాలో వేలు పెట్టడమే అన్నారు. చట్టం పోయింది. ఇరవై ఏళ్లకు, 2024 ఆగస్టు 1న, పంజాబ్ నుంచి వచ్చిన దవీందర్ సింగ్ కేసులో ఏడుగురి ధర్మాసనం 6:1తో, ఉపవర్గాలుగా పంచడం వేరు, చేర్చడం తీసేయడం వేరు అంది. 341లో ఆ మధ్య అక్షరం మారలేదు. వెంటనే ఫలితం: తెలంగాణలో 2025 ఏప్రిల్ 14 నుంచి 1, 9, 5 శాతాల మూడు గ్రూపులు, ఆంధ్రప్రదేశ్‌లో 1, 6.5, 7.5. సవరణ కోసం ఎదురుచూసిన ఉద్యమానికి తీర్పుతో పని జరిగింది.

ఐదుగురు ఒకసారి, ఏడుగురు ఇంకోసారి ఎందుకంటే, చిన్న ధర్మాసనం పెద్దదాని మాట తోసిరాజనలేదు. సమానమైనదీ తోసిపుచ్చలేదు, సందేహముందని పైకి పంపాలి. 2020లో ఐదుగురు సరిగ్గా అదే చేశారు. వ్యక్తిగత గోప్యత కేసులో 2017లో తొమ్మిదిమంది కూర్చున్నదీ ఇందుకే, దారిలో 1954 నాటి ఎనిమిదిమంది తీర్పు అడ్డుంది. సవరణ అధికారం మీద కూడా ఇదే నిచ్చెన: 1951లో, 1964లో ఐదుగురు చొప్పున, 1967 గోలక్‌నాథ్‌లో పదకొండు, 1973 కేశవానంద భారతిలో పదమూడు. గోలక్‌నాథ్‌లో 6:5తో ప్రాథమిక హక్కులను సవరణతో కూడా తగ్గించలేరని చెప్పిన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు రాజమండ్రి మనిషి. అంత గట్టి తలుపు ఆరేళ్లకే ఊడింది. పదమూడుగురిలో ఏడుగురు ఏదైనా సవరించండి, రాజ్యాంగపు మౌలిక స్వరూపం మాత్రం ముట్టుకోవద్దు అన్నారు. ఆ ఏడుగురిలో మన పి. జగన్మోహన్ రెడ్డి ఉన్నారు.

మౌలిక స్వరూపం అంటే ఉపన్యాసాల్లో వినిపించే మాట అనుకోవద్దు. పార్లమెంటులో దాదాపు ఎదురులేకుండా నెగ్గి, 16 రాష్ట్రాలు ఆమోదించిన 99వ సవరణ, జడ్జీల నియామక కమిషన్, 2015 ఏప్రిల్ 13న అమల్లోకి వచ్చింది. అక్టోబరు 16న 4:1తో పోయింది. ఆర్నెల్లు. ఓట్ల లెక్క, రాష్ట్రాల లెక్క, సంతకం, తేదీ అన్నీ సరిగ్గా ఉన్నా ఇంకో గేటు ఉందన్నమాట. ఆ గేటు కాపలాదార్లే తమ నియామకాల సంగతి తామే తేల్చుకోవడం ఇబ్బందిగా ఉంటుందన్న విమర్శలో న్యాయం లేకపోలేదు.

---

గట్టుమీది_కాకి

చాలా స్పష్టంగా ఉంది, అందరికీ ధన్యవాదాలు. నల్లకోటు గారూ, 371డీని విభజన చట్టంతో మార్చినా తప్పు లేదన్నారు. మరి తెలంగాణ ఉద్యోగాల్లో 95 శాతం స్థానికులకే అన్నది ఎక్కణ్నుంచి వచ్చింది? అది ఆ చట్టంలో కనిపించలేదు. ఇంకోటి, మౌలిక స్వరూపం పేరుతో 371డీనే ఎవరైనా సవాలు చేశారా?

---

నల్లకోటు_జేబు

95 శాతం ఆ చట్టంలో ఉండదు, రాజ్యాంగంలోనూ ఉండదు. 371డీ చేసేది రాష్ట్రపతికి అధికారం ఇవ్వడం వరకే. శాతాలు, జోన్లు, స్థానికుడెవరనే నిర్వచనం అన్నీ రాష్ట్రపతి ఉత్తర్వులో ఉంటాయి. 1975 అక్టోబరు ఉత్తర్వులో ఆరు జోన్లు, జూనియర్ అసిస్టెంటు, దాని కింది స్థాయి పోస్టుల్లో 80 శాతం స్థానికులకు, పైకి వెళ్లేకొద్దీ 70, 60. తెలంగాణకు 2018లో కొత్త ఉత్తర్వు వచ్చింది: ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు, 95 శాతం. దీనికి పార్లమెంటులో ఒక్క ఓటూ అక్కర్లేదు, రాష్ట్ర ప్రభుత్వం ప్రతిపాదన పంపితే కేంద్రం సలహాపై రాష్ట్రపతి సంతకం. జిల్లాలు పెరిగినప్పుడు మళ్లీ ఉత్తర్వు సవరించుకోవాలి. 33 జిల్లాలకు సరిపడేలా 2021లో అదే చేశారు. కొత్త జిల్లా ప్రకటించడం రాష్ట్రం చేతిలో పని, ఆ జిల్లా స్థానిక నియామకాలకు యూనిట్ (లోకల్ కేడర్) కావడం ఢిల్లీ చేతిలో పని. ఈ రెంటి మధ్య ఖాళీ ఉన్నన్నాళ్లూ ఆ జిల్లాల నోటిఫికేషన్లు చిక్కుల్లో పడతాయి.

సవాలు జరిగింది, ఒక ముక్క పోయింది కూడా. 371డీలో 5వ క్లాజు ప్రకారం అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్ తీర్పు రాష్ట్ర ప్రభుత్వం ఖరారు చేస్తేనో, మూడు నెలలు గడిస్తేనో అమల్లోకి వచ్చేది. ఆలోగా ప్రభుత్వం ఆ తీర్పును మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. అంటే ఉద్యోగి ప్రభుత్వం మీద కేసు గెలిస్తే, ఓడిన ప్రభుత్వమే తీర్పు చెల్లదని రాసుకోవచ్చు. 1986లో సాంబమూర్తి కేసులో సుప్రీంకోర్టు ఇది చట్టబద్ధ పాలనకే విరుద్ధమని ఆ క్లాజును కొట్టేసింది.

---

చిన్నక్షరాలు

దానికి కొసరు. కొట్టేసిన 5వ క్లాజు రాజ్యాంగ ప్రతిలో ఇప్పటికీ అచ్చవుతూనే ఉంటుంది. కోర్టు చెల్లదన్నది పుస్తకంలోంచి దానంతటది చెరిగిపోదు, పార్లమెంటు తీసేస్తేనే పోతుంది. కాబట్టి ప్రతి చదివేటప్పుడు పేజీ అడుగున ఉన్న చిన్న అక్షరాలు కూడా చూడండి. ఏ మాట ఏ సవరణతో ఏ తేదీ నుంచి వచ్చిందో, ఏది చెల్లదన్నారో అక్కడే ఉంటుంది. పాత ప్రతితో వాదించకండి, 2014 జూన్ ముందు అచ్చయిన దానిలో 371డీ మొదటి క్లాజే వేరు.